ఐడ్లింగ్‌లో ఆగిపోయే కారు: గోదావరి డెల్టాలో లోపాల గుర్తింపు, మరమ్మతు

యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసి గేరు న్యూట్రల్‌లో పెట్టాక ఇంజిన్ తనంతట తాను నిలకడగా తిరుగుతూ ఉండటాన్ని ఐడ్లింగ్ అంటారు. షెడ్డుల్లో దీన్నే ‘స్లో’ అంటారు. స్లోలో బండి నిలబడక ఆగిపోవడం పెట్రోలు, డీజిలు, గ్యాసు కార్లన్నిటిలోనూ కనిపించే లోపం. గాలి, ఇంధనం, నిప్పురవ్వ... ఈ మూడింటిలో ఏది కాస్త తప్పినా ముందుగా బయటపడేది ఇక్కడే.

ధవళేశ్వరం దిగువన గౌతమి, వశిష్ఠ పాయల చుట్టూ పరుచుకున్న డెల్టాలో ఈ లోపానికి కొన్ని ప్రత్యేక కారణాలు తోడవుతాయి. గాలిలో ఏడాదిలో చాలా నెలలు తేమ ఉంటుంది. అంతర్వేది, ఓడలరేవు, ఉప్పాడ, పేరుపాలెం లాంటి తీరప్రాంతాల్లో ఆ తేమకి ఉప్పు కలుస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో రాజమహేంద్రవరం ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. వరదలొస్తే లంకల రోడ్లు మునుగుతాయి. నిడదవోలు నుంచి భీమవరం మీదుగా నరసాపురం వెళ్ళే రైలు మార్గంలో గేట్ల దగ్గరా, రాజమహేంద్రవరం-కొవ్వూరు రోడ్డు కమ్ రైలు వంతెన మీదా, రావులపాలెం కూడలిలోనూ బండి ముందుకు కదలకుండా ఇంజిన్ తిరుగుతూ ఉండాల్సిన సందర్భాలు ఎక్కువ. అందుకే కొండ ఊళ్ళలో ఏళ్ళ తరబడి దాగి ఉండగల చిన్న లోపం ఇక్కడ త్వరగా పైకి వస్తుంది.

ఇంజిన్ బలహీన క్షణం

చాలా పెట్రోలు కార్ల ఐడ్లింగ్ వేగం నిమిషానికి 700 నుంచి 900 చుట్ల మధ్య ఉంటుంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్ 800 చుట్ల దగ్గర సెకనుకి దాదాపు 27 సార్లు మండుతుంది. మూడు సిలిండర్లదైతే 20 సార్లు. ఈ వేగంలో ఫ్లైవీల్‌లో దాగిన శక్తి చాలా తక్కువ. పుట్టే శక్తంతా లోపలి రాపిడికి, నీళ్ళ పంపుకి, ఆల్టర్నేటర్‌కి, ఏసీ కంప్రెసర్‌కి ఖర్చయిపోతుంది. ఒంటికాలి మీద నిలబడిన మనిషిని చిన్నగా తోసినా చాలన్నట్టు, ఒక్క సిలిండర్ రెండు మూడుసార్లు మండకపోయినా ఇంజిన్ ఆగిపోగలదు. మూడు సిలిండర్ల బండిలో ఒకటి పడిపోతే మూడో వంతు బలం పోయినట్టే.

థ్రాటిల్ పలక ఆ సమయంలో దాదాపు మూసుకునే ఉంటుంది. పిస్టన్లు పీల్చే గాలికి దారి లేక మ్యానిఫోల్డ్‌లో బలమైన వాక్యూమ్ ఏర్పడుతుంది. డెల్టా దాదాపు సముద్రమట్టంలోనే ఉంది కాబట్టి, ఆరోగ్యంగా ఉన్న పెట్రోలు ఇంజిన్ ఐడ్లింగ్‌లో వాక్యూమ్ గేజి పాదరసం 17 నుంచి 22 అంగుళాలు చూపాలి. ఎత్తు వల్ల తగ్గిందనే సాకు ఇక్కడ చెల్లదు. ముల్లు 14 దగ్గర నిలిస్తే గొట్టం ఎక్కడో కారుతోంది, లేదా టైమింగ్ తప్పింది. ఉండుండి ముల్లు దిగి లేస్తుంటే ఒక వాల్వో, ఒక ప్లగ్గో సరిగా పని చెయ్యట్లేదు. కంప్యూటర్ లేని కాలం నాటి పరికరమే అయినా, దీనంత తొందరగా ఇంజిన్ పరిస్థితి చెప్పేది మరొకటి లేదు. షెడ్డుల్లో ఇది కనబడటం తగ్గిపోవడం విచారించాల్సిన విషయం.

చిన్న గాలి కారుడు ఐడ్లింగ్‌ని ఎందుకు దెబ్బ తీస్తుందో కూడా ఇందులోంచే అర్థమవుతుంది. పగిలిన గొట్టంలోంచి వచ్చే గాలి, థ్రాటిల్ మూసుకున్నప్పుడు ఇంజిన్ పీల్చే మొత్తంలో పెద్ద భాగం. అదే 3000 చుట్ల దగ్గర లెక్కలోకి రాదు. ‘రేసిస్తే బాగానే ఉంది, వదిలేస్తే ఆగిపోతోంది’ అనే ఫిర్యాదులో సగం జవాబు అప్పుడే ఉంది.

కార్బొరేటర్ నుంచి కంప్యూటర్ దాకా

డెల్టా రోడ్ల మీద ఒకప్పుడు కారంటే అంబాసిడర్, ఫియట్ పద్మిని. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 మధ్యతరగతి ఇంటి ముందుకి కారుని తెచ్చింది. 796 సీసీ, మూడు సిలిండర్ల ఆ ఇంజిన్‌కి మొదట కార్బొరేటరే ఉండేది. ఈ తరం బండ్లలో ఐడ్లింగ్ పూర్తిగా మనిషి చేతి పని. ఒక స్క్రూ వేగానికి, ఒక స్క్రూ మిశ్రమానికి. ఇంజిన్ బాగా వేడెక్కాక వేగం స్క్రూతో 800 దగ్గర నిలిపి, మిశ్రమం స్క్రూని అటూ ఇటూ తిప్పి వేగం అత్యధికంగా పెరిగిన చోటు పట్టుకుని, మళ్ళీ వేగం స్క్రూతో కిందికి దించడం ట్యూనింగ్‌లో అసలు పాఠం. చెవితోనే దీన్ని చేసే మేస్త్రీలు పాత తరంలో ఊరికొకరు ఉండేవారు.

2000 సంవత్సరం తర్వాత కాలుష్య నిబంధనలు కార్బొరేటర్‌ని పక్కకి నెట్టాయి. దేశమంతటా సీసం లేని పెట్రోలు ఆ ఏడాదే వచ్చింది. బహుళ ఇంజెక్టర్ల పద్ధతి, దాన్ని నడిపే కంప్యూటర్, ఆక్సిజన్ సెన్సార్ మామూలైపోయాయి. 2010లో హైదరాబాదుతో సహా 13 నగరాల్లో బీఎస్-4 (భారత్ స్టేజ్-4) ప్రమాణం అమలైంది. దేశమంతటికీ 2017 ఏప్రిల్‌లో వచ్చింది. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6. ఇప్పటి కారులో ఐడ్లింగ్ సరిచేసే స్క్రూ కనిపించదు. ఎంత గాలి వదలాలో, ఎన్ని మిల్లీసెకన్లు ఇంజెక్టర్ తెరవాలో కంప్యూటరే నిర్ణయిస్తుంది. అందుచేత కొత్త బండిలో ‘స్లో పెంచెయ్యండి’ అని అడగడం వృథా. కంప్యూటర్‌కి తప్పుడు సమాచారం ఎక్కణ్ణుంచి అందుతోందో వెతకాలి.

ఎప్పుడు ఆగుతోంది?

మంచి మెకానిక్ బానెట్ ఎత్తకముందు అడిగే ప్రశ్న ఇది: “ఎప్పుడు ఆగుతుందండి? పొద్దున్నే తీసినప్పుడా, వేడెక్కాకా, ఏసీ వేస్తేనా?” ఆ జవాబు లేకుండా ప్లగ్గులు, కాయిళ్ళు, పంపులు వరసగా మార్చుకుంటూ పోతే బండి బాగయ్యేలోపు జేబు ఖాళీ అవుతుంది. ఎలా ఆగిందో కూడా చెప్పగలగాలి. తాళం తీసేసినట్టు టక్కున ఆగితే విద్యుత్ వైపు చూడాలి. దగ్గి, తడబడి, కొట్టుకుని ఆగితే ఇంధనం వైపు. వేగం పైకీ కిందికీ ఊగుతూ ఊగుతూ ఆగితే గాలి వైపు. అన్నిసార్లూ ఇది నిజం కాకపోవచ్చు గాని మొదలుపెట్టడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు.

పొద్దున చల్లగా ఉన్నప్పుడు మాత్రమే ఆగి, నాలుగు నిమిషాలు రేసిస్తే నిలబడుతుంటే, చల్లని ఇంజిన్‌కి కావాల్సిన అదనపు గాలీ ఇంధనమూ అందట్లేదన్నమాట. కార్బొరేటర్ బండిలో చోక్ తీగ, కొత్త బండిలో నీళ్ళ ఉష్ణోగ్రత చెప్పే సెన్సార్, ఐడ్లింగ్ గాలిని పంపే వాల్వు, మసిపట్టిన థ్రాటిల్ అనుమానితులు. ఉష్ణోగ్రత సెన్సార్ చెడిపోయి ఇంజిన్ ఎప్పుడూ వేడిగానే ఉందని చెబితే, కంప్యూటర్ పెట్రోలు తగ్గించేస్తుంది. రాత్రంతా ఆగి ఉన్న బండికి పొద్దున్నే స్కానర్ పెడితే, నీళ్ళ ఉష్ణోగ్రత, బయటి గాలి ఉష్ణోగ్రత దాదాపు ఒకటే చూపాలి. ఇంత తేలికైన పరీక్షని చాలామంది వదిలేస్తారు.

అరగంట నడిచాక ఆగి, ఇరవై నిమిషాలు చల్లారాక ఏమీ జరగనట్టు స్టార్టయ్యే బండిలో ముందు చూడాల్సింది క్రాంక్‌షాఫ్ట్ సెన్సార్. దాని లోపలి సన్నని తీగచుట్ట వేడికి వ్యాకోచించి తెగినట్టవుతుంది, చల్లారాక అతుక్కుంటుంది. ఇగ్నిషన్ కాయిల్, పెట్రోలు పంపు కూడా ఇలాగే ప్రవర్తిస్తాయి. ఆగిన క్షణంలోనే ప్లగ్గు దగ్గర నిప్పు ఉందా, పంపు చప్పుడు వస్తోందా అని చూసినవాడికే ఈ లోపం దొరుకుతుంది. చల్లారాక షెడ్డుకి తెస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి. పాత అంబాసిడర్, మారుతి 800లలో వేసవి మధ్యాహ్నం ఇదే లక్షణం వస్తే కారణం వేరు. ఇంజిన్ పక్కనే ఉండే పెట్రోలు పంపులో ఇంధనం ఆవిరై, పంపు ఆవిరిని నెట్టడం మొదలుపెడుతుంది. పంపు మీద తడిగుడ్డ కప్పి కాసేపు ఆగడం అప్పటి డ్రైవర్లందరికీ తెలిసిన వైద్యం. ట్యాంకు లోపలే విద్యుత్ పంపు ఉండి, గొట్టంలో 3 బార్ల దాకా ఒత్తిడి నిలిచే ఇంజెక్షన్ బండ్లలో ఈ సమస్య చాలా అరుదు.

ఏసీ వేసినప్పుడే ఆగుతుంటే కంప్రెసర్ బరువుకి తగ్గట్టు ఇంజిన్ వేగం పెంచుకోలేకపోతోంది. లోపం థ్రాటిల్‌లో ఉండొచ్చు, ఐడ్లింగ్ పెంచే వాల్వులో ఉండొచ్చు. డెల్టా వేసవిలో ఇంకో కారణం తరచు మరుగున పడిపోతుంది. కండెన్సర్ ముందు ఫ్యాను సరిగ్గా తిరగకపోయినా, రెక్కల మధ్య దుమ్మూ పురుగులూ పేరుకున్నా ఏసీ గ్యాసు ఒత్తిడి విపరీతంగా పెరిగి కంప్రెసర్ బరువెక్కుతుంది. బండి నడుస్తున్నప్పుడు ఎదురుగాలి ఆ లోటు తీరుస్తుంది కాబట్టి, రైలు గేటు దగ్గర ఆగినప్పుడే ఇంజిన్ చచ్చిపోతుంది. ఇంజిన్‌ని విప్పిన మెకానిక్‌కి అందులో ఏ లోపమూ దొరకదు.

పెట్రోలు పోయించుకున్న వెంటనే ఆగితే, ట్యాంకు ఆవిర్లని ఇంజిన్‌కి పంపే పర్జ్ వాల్వు తెరుచుకునే ఉండిపోయిందని అనుమానించాలి. వాన పడ్డాక ఆగితే హైటెన్షన్ వైర్లు, కాయిల్, ఎర్తింగ్ చూడాలి. హెడ్‌లైట్లు వేసి స్టీరింగ్ పూర్తిగా తిప్పితే ఆగేది ఆల్టర్నేటర్, బ్యాటరీ, పవర్ స్టీరింగ్ ఒత్తిడి స్విచ్‌ల వైపు వేలు చూపుతుంది. గతుకుల్లో ఆగేది దాదాపు ఎప్పుడూ ఏదో ఒక వదులైన కనెక్షనే.

థ్రాటిల్, గొట్టాలు

డెల్టాలో ఇంజెక్షన్ కార్లకి వచ్చే ఐడ్లింగ్ ఫిర్యాదుల్లో మొదట తేల్చుకోవాల్సింది థ్రాటిల్ బాడీ మురికి. క్రాంక్‌కేసు నుంచి వచ్చే నూనె ఆవిర్లకి ఇటుక బట్టీల, ధాన్యం కళ్ళాల దుమ్ము తోడై పలక అంచున నల్లటి జిగురుగా పేరుకుంటుంది. వెంట్రుకంత సందులోంచి నడిచే గాలికి ఆ పొర చాలు. శుభ్రం చెయ్యడం కష్టమైన పని కాదు గాని పద్ధతి ఉంది. తాళం తీసేసి, బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి, థ్రాటిల్ క్లీనర్‌ని మెత్తని గుడ్డ మీద చల్లి తుడవాలి. గరుకు కాగితం ముట్టించకూడదు. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ పలకని వేలితో బలంగా తోస్తే లోపలి ప్లాస్టిక్ పళ్ళచక్రాలు విరిగే ప్రమాదముంది. శుభ్రమయ్యాక కంప్యూటర్ పలక పాత స్థానాన్ని మరిచి కొత్తది నేర్చుకోవాలి. కొన్ని బండ్లలో ఇది స్కానర్‌తోనే అవుతుంది. ఈ నేర్పడం వదిలేసినందుకే ‘శుభ్రం చేయించాక ఇంకా ఎక్కువ ఆగుతోంది’ అనే మాట వినిపిస్తుంది.

గొట్టాల కారుడు పట్టుకోవడానికి పొగ యంత్రం మంచిది. అది లేని చోట కొందరు వేడి ఇంజిన్ మీద కార్బొరేటర్ క్లీనర్ చల్లుతారు, అది నిప్పుతో చెలగాటం. అనుమానం ఉన్న చోట సన్నగా నీళ్ళు చల్లి ఐడ్లింగ్ మారుతుందేమో చూస్తే అదే సమాచారం ప్రమాదం లేకుండా దొరుకుతుంది. బ్రేకు బూస్టర్ గొట్టాన్ని మరవకూడదు. ఇంజిన్ ఆపి పెడల్‌ని నాలుగైదుసార్లు నొక్కి, నొక్కి పట్టుకుని స్టార్ట్ చేస్తే పెడల్ కాస్త కిందికి దిగాలి. దిగకపోతే బూస్టర్‌లోనో గొట్టంలోనో లోపం ఉంది. అది ఐడ్లింగ్‌తో పాటు బ్రేకులకీ సంబంధించింది కాబట్టి వెంటనే చూడాలి. పొగ గాలిని తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు మసి పట్టి తెరుచుకుని ఉండిపోవడం కూడా ఈ కుటుంబంలోని లోపమే.

నిప్పురవ్వ, ఎర్తింగ్, ఎలుకలు

కాంటాక్ట్ పాయింట్లతో ఇగ్నిషన్ నడిచిన కాలంలో ఆ పాయింట్ల మధ్య సందు, కండెన్సర్, డిస్ట్రిబ్యూటర్ మూత చూస్తే సగం పని అయిపోయేది. వానాకాలం పొద్దున మూత తీసి లోపలి తేమని గుడ్డతో తుడిస్తే స్టార్టయ్యే బండ్లు ఎన్నో. ఇప్పుడు ఒక్కో ప్లగ్గు మీద ఒక్కో కాయిల్ ఉంటోంది. ప్లగ్గు రంగు చూడటం మాత్రం ఇప్పటికీ చెల్లుతుంది. లేత గోధుమ రంగు మంచిది. పొడి నల్లమసి ఉంటే పెట్రోలు ఎక్కువ, తెల్లగా పాలిపోయి ఉంటే తక్కువ, నూనెతో తడిసి ఉంటే రింగులో, వాల్వు సీళ్ళో అరిగాయి.

ఉప్పుగాలి తగిలే ఊళ్ళలో ఎర్తింగ్ తీగ గురించి గట్టిగా చెప్పాలి. బ్యాటరీ నెగటివ్ నుంచి బాడీకి, బాడీ నుంచి ఇంజిన్‌కి వెళ్ళే తీగల చివర్లు పైకి బాగానే కనిపిస్తాయి, బోల్టు కింద మాత్రం పచ్చటి తుప్పు. దాంతో సెన్సార్లన్నీ తప్పుడు విలువలు పంపుతాయి. పరీక్ష చాలా సులువు. ఇంజిన్ నడుస్తుండగా లైట్లు, ఏసీ వేసి, మల్టీమీటర్ ఒక కొస బ్యాటరీ నెగటివ్‌కి, రెండో కొస ఇంజిన్ లోహానికి ఆనించాలి. 0.2 వోల్టు మించితే తీగ విప్పి, గీకి, మళ్ళీ బిగించి, పైన గ్రీజు పూయాలి. ఛార్జింగ్ వోల్టేజి 13.5 నుంచి 14.5 మధ్య ఉందో లేదో అదే మీటరుతో చూసుకోవచ్చు. వేల రూపాయల సెన్సార్లు మార్చకముందు ఈ పది నిమిషాల పని చేయమని ప్రతి కారు యజమానీ పట్టుబట్టాలి.

సార్వా కోతలయ్యాక చేలల్లో తిండి తగ్గిన ఎలుకలు ఇళ్ళవైపు వస్తాయి. రాత్రిపూట వెచ్చగా ఉండే బానెట్ కింద చేరి వైర్లు కొరుకుతాయి. ఇంజెక్టర్ వైరు ఒక్కటి తెగినా ఆ సిలిండర్ పడిపోతుంది, ఐడ్లింగ్ ఒణుకుతుంది. తెగిన తీగల్ని మెలిపెట్టి టేపు చుట్టడం వానాకాలం దాకా నిలవని మరమ్మతు. టంకం వేసి, వేడికి బిగుసుకునే తొడుగు వెయ్యాలి.

ఇథనాలు కలిసిన పెట్రోలు

పెట్రోలులో ఇథనాలు కలపడం దేశంలో 2022 నాటికి 10 శాతానికి, 2025లో 20 శాతానికి చేరింది. దీన్ని ఈ20 అంటున్నారు. మామూలు పెట్రోలు ఒక పాలు పూర్తిగా మండటానికి బరువు లెక్కన 14.7 పాళ్ళ గాలి కావాలి. ఇథనాలుకి 9 చాలు. 20 శాతం కలిపిన ఇంధనానికి సుమారు 13.5. కంప్యూటర్ ఉన్న బండి ఆక్సిజన్ సెన్సార్ ద్వారా ఈ తేడా కనిపెట్టి ఇంజెక్టర్‌ని ఇంకాస్త సేపు తెరుస్తుంది. కార్బొరేటర్‌కి ఆ తెలివి లేదు. దాని జెట్టు రంధ్రం పాత పెట్రోలుకి కొలిచి వేసింది. కాబట్టి అదే సెట్టింగులో మిశ్రమం ఎనిమిది శాతం దాకా పలచబడుతుంది. ఇదివరకు అంచున నిలబడిన ఐడ్లింగ్ ఇప్పుడు పడిపోవడంలో వింతేమీ లేదు. డెల్టా ఊళ్ళలో ఇంకా తిరుగుతున్న పాత మారుతి కార్లు, వ్యాన్లు ఉన్నవారు మిశ్రమం స్క్రూని కాస్త బయటికి తిప్పించి మళ్ళీ ట్యూనింగ్ చేయించుకోవాలి. స్లో జెట్టు మూసుకుపోతే గాలితో ఊదాలి. దాన్ని తీగతో పొడిస్తే రంధ్రం పెద్దదై ఇంకో లోపం మొదలవుతుంది.

ఇథనాలుకి ఇంకో గుణం ఉంది, అది నీటిని కలుపుకుంటుంది. ఇందులో మేలూ కీడూ రెండూ ఉన్నాయి. ట్యాంకులో చెమర్చిన కొద్దిపాటి నీరు ఇథనాలుతో కలిసి మండి పోతుంది. హద్దు దాటితే మాత్రం నీరు, ఇథనాలు కలిసి అడుక్కి దిగిపోతాయి. పంపు పీల్చేది ఆ అడుగు నుంచే. సంక్రాంతికి ఒకసారి, వేసవి సెలవులకి ఒకసారి తీసే కార్లకి ఈ ముప్పు ఎక్కువ. ఇల్లు అమలాపురంలో, ఉద్యోగం హైదరాబాదులోనో డాలస్‌లోనో ఉన్న కుటుంబాల పెరట్లో ఇలాంటి కార్లు కనిపిస్తాయి. వాడకుండా ఉంచేటప్పుడు ట్యాంకు నింపి ఉంచితే తేమ గాలికి చోటు తగ్గుతుంది. పాత ట్యాంకుల్లో అడుగున పట్టిన మడ్డిని ఇథనాలు కడిగి తెచ్చి ఫిల్టర్‌ని మూసేస్తుంది, కాబట్టి పాత బండికి ఫిల్టర్ మార్పు ముందుకి జరపాలి. ఈ20కి తగిన రబ్బరు, సీళ్ళతో కార్లు 2023 ఏప్రిల్ నుంచి వస్తున్నాయి. అంతకు ముందటి వాటికి ఇంధన గొట్టాలు ఏటా తడిమి చూడటం అవసరం.

సీఎన్‌జీ, డీజిల్

కృష్ణా-గోదావరి బేసిన్ గ్యాసు పుట్టిల్లే అయినా, కార్లలో పోసుకునే సీఎన్‌జీ డెల్టా పట్టణాలకి బాగా తర్వాత వచ్చింది. ఉభయ గోదావరుల్లో గోదావరి గ్యాస్, కాకినాడలో భాగ్యనగర్ గ్యాస్ సంస్థలు దీన్ని అందిస్తున్నాయి. రెండు ఇంధనాల బండిలో ఐడ్లింగ్ లోపం వెతకడం ఒక రకంగా సుఖం. పెట్రోలు మీద నిలబడి గ్యాసు మీద ఆగితే ఇంజిన్ బాగానే ఉంది, గ్యాసు వైపు వెతకాలి; రెండింటి మీదా ఆగితే లోపం ఉమ్మడి భాగాల్లో ఉంది. గ్యాసు మిశ్రమాన్ని మండించడానికి ఎక్కువ వోల్టేజి కావాలి, కాబట్టి అరిగిన ప్లగ్గు పెట్రోలు మీద దాక్కుని గ్యాసు మీద బయటపడుతుంది. సిలిండర్లో 200 బార్ల దాకా ఉండే ఒత్తిడిని తగ్గించే రెడ్యూసర్‌కి ఇంజిన్ నీళ్ళ వేడి అందాలి. రేడియేటర్‌లో నీళ్ళు తగ్గితే అది చల్లబడి గడ్డకట్టినట్టవుతుంది, ఐడ్లింగ్ నిలవదు. వంటింటి గ్యాసు సిలిండర్‌ని వ్యానులో బిగించుకోవడం ఒకప్పుడు చాలా ఊళ్ళలో కనిపించింది. అది చట్టవిరుద్ధం, ప్రాణాంతకం. అలాంటి బండి ఐడ్లింగ్ సరిచేయడానికి ఏ మెకానిక్కూ ఒప్పుకోకూడదు.

డీజిల్ బండ్లలో కథ చిన్నది. ఐడ్లింగ్‌లో ఆగితే ముందు ఫిల్టర్, అందులోని నీళ్ళు, గొట్టాల్లో చొరబడిన గాలి చూడాలి. ఫిల్టర్ అడుగున ఉన్న మర వదులు చేసి నీళ్ళు వదిలేయాలి. రొయ్యల చెరువుల దగ్గర డ్రమ్ముల్లో నిల్వ చేసిన డీజిల్‌ని బండికి పోసుకునేవారు ఈ పని నెలకోసారి చేసినా తప్పులేదు. కామన్‌రైల్ ఇంజిన్లలో ఇంజెక్టర్ల నుంచి వెనక్కి వచ్చే డీజిల్ పరిమాణం కొలిస్తే ఏ ఇంజెక్టర్ అరిగిందో తెలుస్తుంది.

వరద నీళ్ళు

1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. 2022 జూలైలో అది 25 లక్షలు దాటింది, కోనసీమ లంకల రోడ్లు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. అలాంటి నీళ్ళలో ఐడ్లింగ్‌లో ఉన్న ఇంజిన్ ఆగిపోతే చేయకూడని పని ఒకటే, మళ్ళీ సెల్ఫ్ కొట్టడం. గాలి గొట్టం ద్వారా సిలిండర్‌లోకి నీళ్ళు వెళ్ళి ఉంటే, నీళ్ళు కుదించుకోవు కాబట్టి కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. కొన్ని వందలతో పోయేది లక్షలకి పాకుతుంది. బండిని తోయించి గట్టెక్కించి, ఎయిర్ ఫిల్టర్ విప్పి చూడాలి. అది తడిసి ఉంటే ప్లగ్గులు తీసి, ఇంజిన్‌ని చేత్తో తిప్పి నీళ్ళు బయటికి పంపాలి. డిప్‌స్టిక్ మీద నూనె పాలలా తెల్లగా ఉంటే నూనె, ఫిల్టర్ మార్చకుండా స్టార్ట్ చెయ్యకూడదు. వరద తగ్గిన రెండు మూడు నెలలకి, అన్నీ సర్దుకున్నాయనుకున్నాక, కనెక్టర్లలో పట్టిన తుప్పు వల్ల ఐడ్లింగ్ లోపాలు మొదలవుతాయి. మునిగిన బండి కనెక్టర్లన్నీ అప్పుడే విప్పి ఆరబెట్టించడం అందుకే అవసరం.

స్కానర్ చెప్పేది, చెప్పనిది

చవకైన స్కానర్లు ఇప్పుడు చిన్న పట్టణాల షెడ్లకీ వచ్చాయి. ఐడ్లింగ్‌కి సంబంధించి తరచు కనిపించే కోడ్లలో పీ0505 ఐడ్లింగ్ నియంత్రణ లోపం, పీ0506 వేగం తగ్గడం, పీ0171 మిశ్రమం పలచబడటం, పీ0300 సిలిండర్లు మండకపోవడం, పీ0335 క్రాంక్‌షాఫ్ట్ సెన్సార్. కోడ్ చూపిన సెన్సార్ని వెంటనే మార్చేయడం పెద్ద పొరపాటు. పీ0171 వచ్చిందంటే ఆక్సిజన్ సెన్సార్ తన పని తాను చేసిందన్నమాట. గాలి ఎక్కడ కారుతోందో, పెట్రోలు ఒత్తిడి ఎందుకు తగ్గిందో వెతకడం ఇంకా మిగిలే ఉంది. కంప్యూటర్ ఇంధనాన్ని ఎంత శాతం సరిదిద్దుతోందో చూపే విలువలు కోడ్ల కన్నా ఎక్కువ చెబుతాయి. ఐడ్లింగ్‌లో ఆ సవరణ 20 శాతం పైన ఉండి, 2500 చుట్ల దగ్గర మామూలైతే వాక్యూమ్ కారుతోంది. రెండుచోట్లా ఎక్కువగానే ఉంటే పంపు, ఫిల్టర్ చూడాలి.

పొల్యూషన్ సర్టిఫికెట్ కోసం తీసే కొలతలు కూడా ఉచితంగా దొరికే పరీక్ష. బీఎస్-4, ఆ తర్వాతి పెట్రోలు కార్లకి ఐడ్లింగ్‌లో కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, హైడ్రోకార్బన్లు 200 పీపీఎం మించకూడదు. మొదటిది పెరిగితే పెట్రోలు ఎక్కువవుతోంది. రెండోది ఒక్కటే పెరిగితే ఏదో సిలిండర్ సరిగ్గా మండట్లేదు. చీటీ తీసి డాష్‌బోర్డులో పడేసే ముందు ఆ రెండు అంకెలు చదవాలి.

కొన్ని కొత్త కార్లు ఇంధనం ఆదా కోసం సిగ్నల్ దగ్గర ఇంజిన్‌ని కావాలనే ఆపేస్తాయి, క్లచ్ తొక్కగానే మళ్ళీ లేపుతాయి. దీన్ని లోపమనుకుని షెడ్డుకి తెచ్చేవారున్నారు. మీటరు మీద ఆ పద్ధతి గుర్తు వెలుగుతోందో లేదో ముందు చూసుకోవాలి.

కాలువ గట్టు మీద

ఐడ్లింగ్ లోపాన్ని వాయిదా వేయడం డెల్టాలో ప్రత్యేకంగా ప్రమాదకరం. ఇక్కడి రోడ్లు చాలా భాగం కాలువ గట్ల మీదే ఉన్నాయి, పిట్టగోడ లేని మలుపులు ఎన్నో. మలుపు దగ్గర యాక్సిలరేటర్ వదలగానే ఇంజిన్ ఆగిపోతే పవర్ స్టీరింగ్ ఒక్కసారిగా బిగుసుకుంటుంది. బ్రేకు బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ ఒకటి రెండు నొక్కులకే సరిపోతుంది. నరసాపురం-సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కే ఏటవాలులోనూ ఇదే పరిస్థితి. ఇలా జరిగితే పెడల్‌ని మాటిమాటికీ వదలకుండా ఒకేసారి గట్టిగా నొక్కి పట్టాలి, స్టీరింగ్‌ని రెండు చేతులా బలంగా తిప్పాలి, తాళం పూర్తిగా తీసెయ్యకూడదు. తీస్తే స్టీరింగ్ లాక్ పడుతుంది. నడుస్తూ ఒక్కసారి ఆగిన బండిని ఇంకోసారి ఆగేదాకా వాడకూడదు. లోపం వెతకడానికి మూసిన షెడ్డులో ఇంజిన్‌ని చాలాసేపు తిప్పడం కూడా తప్పే; కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

మరమ్మతు అయిందో లేదో చల్లని ఇంజిన్ మీద చూసి ఒప్పుకోకూడదు. రేడియేటర్ ఫ్యాను రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఐడ్లింగ్‌లో ఉంచాలి. ఆ తర్వాత ఏసీ, హెడ్‌లైట్లు, వెనక అద్దం హీటరు అన్నీ వేసి, స్టీరింగ్‌ని ఒక కొస దాకా తిప్పి పట్టుకోవాలి. వేగం ఒక్క క్షణం తగ్గి వెంటనే లేవాలి. రోడ్డు మీద 60 కిలోమీటర్ల వేగం నుంచి కాలు తీసేసి న్యూట్రల్‌లో ఆపినప్పుడు ఇంజిన్ వేగం 700 చుట్ల కిందికి జారకూడదు. కోడ్లు చెరిపేశాక రెండు మూడు రోజులు చల్లగా, వేడిగా నడిపి మళ్ళీ స్కానర్ పెడితే, చెరిపిన కోడ్ తిరిగి వచ్చిందా లేదా తెలుస్తుంది. మార్చిన పాత భాగాన్ని యజమానికి చూపించి, ఏ పరీక్షలో అది తప్పిందో చెప్పే షెడ్డుకే మళ్ళీ బండి తీసుకెళ్ళాలి.